సంతకాలు పెట్టి ఊరుకుంటే ప్రభుత్వాలు కదలవు: మరి దేనికి కదులుతాయి?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. ప్రపంచ పేదరికం, వాతావరణ మార్పు లాంటి పెద్ద విషయాల్లో మామూలు జనం ప్రభుత్వాలను నిలదీసి నిజంగా ఏమైనా సాధించగలరా, లేక ఈ సంతకాలు, ర్యాలీలు అన్నీ మన మనశ్శాంతి కోసమేనా? సాధించగలిగితే ఎక్కడ మొదలుపెట్టాలి, వెనక సంస్థ ఏదీ లేకుండా ఒక్కరే చేయగలరా అని కూడా అడిగారు.

సాధించగలరు, సాధించారు కూడా. అయితే సాధించింది "పేదరికాన్ని అంతం చేయండి", "భూమిని కాపాడండి" అని నినదించినవాళ్లు కాదు. ప్రభుత్వం ఇప్పటికే కాగితం మీద పెట్టిన ఒక్క హామీని పట్టుకుని, అది డబ్బుగానో చట్టంగానో మారేదాకా వెంటపడినవాళ్లు. కొత్త హామీ కోసం పోరాడితే జనం వస్తారు, కెమెరాలు వస్తాయి. పాత హామీ వెంట పడేవాళ్ల దగ్గరికి ఎవరూ రారు. ఫలితం మాత్రం ఎక్కువగా రెండోవాళ్లకే దక్కుతుంది.

నేను చాలా ఏళ్లుగా ఈ పనిలోనే ఉన్నాను. సాయం బడ్జెట్లు, అప్పుల రద్దు, క్లైమేట్ ఫైనాన్స్ (వాతావరణ మార్పును ఎదుర్కోవడానికి పేద దేశాలకు ధనిక దేశాలు సమకూర్చే డబ్బు), వీటి మీద ప్రజాప్రతినిధుల చెవిన ఇల్లు కట్టుకుని పోరే పని. కాబట్టి నేను చెప్పేది ఆ కోణం నుంచే ఉంటుంది.

ముందు ఒక సంగతి. ఈ రంగంలో హామీలకు కరువు లేదు. ధనిక దేశాలు తమ జాతీయాదాయంలో 0.7 శాతం అభివృద్ధి సాయంగా ఇవ్వాలని ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ తీర్మానించింది 1970లో. ఆ దశకం నడిమికల్లా అక్కడికి చేరాలన్నది అప్పటి మాట. 2023లో ప్రధాన దాత దేశాల సగటు 0.37 శాతం. గీత దాటినవి నార్వే, లక్సెంబర్గ్, స్వీడన్, జర్మనీ, డెన్మార్క్, ఈ ఐదే. 2009లో కోపెన్‌హాగన్‌లో, వాతావరణ సదస్సులో ధనిక దేశాలు 2020 నాటికి ఏటా 100 బిలియన్ డాలర్ల క్లైమేట్ ఫైనాన్స్ సమకూరుస్తామన్నాయి. ధనిక దేశాల ఆర్థిక సంస్థ ఓఈసీడీ లెక్క ప్రకారమే అది నెరవేరింది 2022లో. 2015లో ప్రపంచ దేశాలు ఒప్పుకున్న సుస్థిరాభివృద్ధి లక్ష్యాల్లో మొదటిది 2030 కల్లా కటిక పేదరికం లేకుండా చేయడం. ప్రపంచ బ్యాంకు కొత్త పేదరికపు గీత, అంటే రోజుకు 3 డాలర్లు, దాని ప్రకారం చూస్తే ఇప్పటికీ దాదాపు 80 కోట్ల మంది ఆ గీత కిందే ఉన్నారు.

అంటే మన చేతిలో ఇప్పటికే సంతకాలు చేసిన కాగితాలు బోలెడు ఉన్నాయి. లేనిదల్లా వాటి వెంట తిరిగే మనుషులే.

ఎలాంటి హామీ పట్టుకోవాలన్నదే అసలు విషయం. దీనికి 2005 గ్లెన్‌ఈగల్స్ జీ8 (ఎనిమిది పెద్ద దేశాల కూటమి) సమావేశం కన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు. ఆ సమావేశానికి ముందు ఎడిన్‌బరో వీధుల్లో రెండు లక్షల మందికి పైగా నడిచారు. నాయకులు రెండు పెద్ద మాటలు ఇచ్చారు. ఒకటి, బాగా అప్పుల్లో కూరుకుపోయిన పేద దేశాలు అర్హత పొందాక, ప్రపంచ బ్యాంకు సాయ విభాగానికి, ఐఎంఎఫ్‌కి, ఆఫ్రికా అభివృద్ధి నిధికి చెల్లించాల్సిన పాత బాకీలు పూర్తిగా రద్దు. రెండు, 2010 నాటికి ఏటా ఇచ్చే సాయం 50 బిలియన్ డాలర్లు పెంచడం.

మొదటిది ఏడాది తిరిగేసరికి అమల్లోకి వచ్చింది. రెండోది? గడువు నాటికి పెరిగింది సుమారు 30 బిలియన్లు. ఒకే ఊళ్లో, ఒకే సమావేశంలో, అదే నాయకులు ఇచ్చిన మాటలివి. తేడా ఎక్కడుంది? అప్పుల రద్దును మూడు సంస్థలు చేయాలి. వాటికి పేర్లున్నాయి, బోర్డులున్నాయి, ఏ ఖాతాలో ఎంత ఉందో లెక్క ఉంది. సాయం పెంపు మాత్రం అందరూ కలిసి ఇచ్చిన మాట. అందరిదీ అంటే ఎవరిదీ కాదు. ఎవరి వాటా ఎంతో తేల్చకుండా వదిలేస్తే తర్వాత ప్రతి ఒక్కరూ పక్కవాడి వైపు చూపిస్తారు.

అందుకే నేను ఏ హామీనైనా మూడు ప్రశ్నలతో జల్లెడ పడతాను. అంకె ఉందా? గడువు ఉందా? ఫలానా మంత్రి, ఫలానా శాఖ, ఫలానా బోర్డు అని వేలు పెట్టి చూపించగలమా? మూడోది లేకపోతే మిగతా రెండూ ఉన్నా ఉపయోగం తక్కువే.

చట్టంగా మారితే ఇక నిశ్చింతే అనుకుంటాం. అక్కడా మెలిక ఉంటుంది. బ్రిటన్‌లోవే రెండు చట్టాలు పక్కపక్కన పెట్టి చూడండి.

2008 వాతావరణ మార్పు చట్టం వెనక మూడేళ్ల పౌర ప్రచారం ఉంది. ఫ్రెండ్స్ ఆఫ్ ది ఎర్త్ అనే పర్యావరణ సంస్థ నడిపిన ఆ ప్రచారంలో లక్షకు పైగా జనం తమ తమ ఎంపీలను కలిశారు లేదా ఉత్తరాలు రాశారు. బిల్లు పాసయ్యేటప్పుడు వ్యతిరేకించినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఆ చట్టంలో ఐదేళ్లకోసారి ఉద్గారాల పరిమితి ఉంది. ప్రభుత్వం ఎంత చేసిందో ఏటా పార్లమెంటుకు చెప్పే స్వతంత్ర కమిటీ ఉంది. ప్రభుత్వం దానికి జవాబు రాసి తీరాలి. 2022లోనూ, 2024లోనూ ప్రభుత్వ ప్రణాళిక చట్టానికి తగ్గట్టు లేదని కోర్టు తేల్చింది. కేసు వేసింది పౌర సంస్థలే.

అదే దేశంలో 2015లో 0.7 శాతం సాయాన్ని కూడా చట్టం చేశారు. అప్పట్లో చాలామంది పండగ చేసుకున్నారు. కానీ చట్టం లోపల ఉన్నది ఏమిటంటే, లక్ష్యం తప్పితే మంత్రి ఎందుకు తప్పిందో వివరిస్తూ పార్లమెంటు ముందు ఒక ప్రకటన పెడితే చాలు. కోర్టుకు వెళ్లే దారి లేదు. 2021లో సాయాన్ని 0.5 శాతానికి కోసేశారు. కామన్స్ సభలో 333-298 ఓట్లతో గట్టెక్కారు. 2027 నాటికి 0.3కి దించుతామని 2025 ఫిబ్రవరిలో ప్రకటించారు. రెండు విషయాలకూ రాజకీయ మద్దతు ఒకేలా లేదన్నది నిజమే, మొత్తం నెపం చట్టం రాత మీదే వేయలేం. కానీ తప్పితే ఏమవుతుందో రాసి ఉన్న చట్టానికీ, వివరణ ఇస్తే సరిపోయే చట్టానికీ తేడా కళ్లముందే ఉంది. బిల్లు ఏదైనా సరే, నేను మొదట చదివేది లక్ష్యం రాసిన క్లాజు కాదు, లక్ష్యం తప్పితే ఏం జరగాలో చెప్పే క్లాజు.

ఇక అంకెల గారడీ గురించి కాస్త వివరంగా చెప్పాలి. కొత్తగా వచ్చేవాళ్లు ఎక్కువగా బోల్తా పడేది ఇక్కడే.

"మేం వాతావరణ నిధులు రెట్టింపు చేశాం" అని ప్రకటన వస్తుంది. చప్పట్లు కొట్టే ముందు అడగాల్సినవి ఇవి. ఇది తిరిగి కట్టనక్కర్లేని గ్రాంటా, అప్పా? 2022లో ప్రభుత్వాల వైపు నుంచి వచ్చిన క్లైమేట్ ఫైనాన్స్‌లో దాదాపు 70 శాతం అప్పులే. పైగా ఈ లెక్కలో అప్పును మొత్తం ముఖవిలువతో రాసుకుంటారు. తిరిగి వడ్డీతో కట్టే డబ్బు కూడా ఇచ్చిన లెక్కలోకే వస్తుంది. అదే అప్పును అభివృద్ధి సాయం పద్దులో చూపించేటప్పుడు మాత్రం, అందులో రాయితీ భాగం, అంటే మార్కెట్ కన్నా చవకగా ఇచ్చినందువల్ల కలిసొచ్చేది ఎంతో అంతే లెక్కిస్తారు. ఒకే అప్పుకు రెండు పుస్తకాల్లో రెండు తూకాలు.

తర్వాత ఇది కొత్త డబ్బేనా? 1992 వాతావరణ ఒప్పందంలోనే "కొత్త, అదనపు" నిధులు అని రాసుకున్నారు. దేనితో పోల్చి అదనం అన్నది మాత్రం ఇవాళ్టికీ అందరూ కలిసి తేల్చుకోలేదు. కాబట్టి బడులకు, ఆసుపత్రులకు వెళ్తున్న సాయాన్ని తగ్గించి వాతావరణం పద్దులోకి మార్చినా రెట్టింపు చేశామని చెప్పుకోవచ్చు. పేదరికం మీద పనిచేసేవాళ్లూ, వాతావరణం మీద పనిచేసేవాళ్లూ ఒకే సంచి కోసం కొట్టుకునే పరిస్థితి ఇలాగే వస్తుంది. ప్రభుత్వానికి అంతకన్నా హాయి ఏముంటుంది? అందుకే ఈ రెంటినీ కలిపి అడగమంటాను. ఈ పద్దు పెంచడానికి ఏ పద్దు కోశారు అని ఒక్క ముక్క.

ఇంకోటి, శరణార్థుల ఖర్చు. తమ దేశానికి వచ్చిన శరణార్థుల మీద మొదటి ఏడాది పెట్టే ఖర్చును విదేశీ సాయంగా చూపించుకోవచ్చని నిబంధనలే చెబుతున్నాయి. వాళ్లను ఆదుకోవాల్సిందే, అందులో సందేహం లేదు. కానీ ఆ డబ్బు దేశం దాటదు. బ్రిటన్‌లో 2023 సాయంలో నాలుగో వంతుకు పైగా ఇలాగే పోయింది.

చివరగా బడ్జెట్ పట్టిక. చాలా దేశాల బడ్జెట్ పత్రాల్లో ఒక పద్దు ఎదురుగా మూడు అంకెలు దొరుకుతాయి: మొదట వేసిన అంచనా, ఏడాది మధ్యలో సవరించిన అంచనా, చివరికి నిజంగా ఖర్చయింది. పత్రికలు మొదటి అంకె రాస్తాయి. మంత్రి ప్రసంగంలో ఉండేదీ అదే. కోత పడేది రెండో అంకెలో, అసలు కథ తెలిసేది మూడో అంకెలో. అది వచ్చేసరికి ఏడాదో రెండేళ్లో దాటిపోతుంది, ఎవరికీ గుర్తుండదు. మీకు గుర్తుంటే చాలు, ప్రజాప్రతినిధిని కలిసే గదిలో మీరే నిపుణులు. అతిశయోక్తి కాదు. ప్రజాప్రతినిధుల్లో చాలామంది ఆ మూడో గడి ఎప్పుడూ చూసి ఉండరు.

ఆ గది సంగతికి వద్దాం. ప్రజాప్రతినిధిని కలవడం అంటే టెన్షన్ పడతారు కానీ, చూసినకొద్దీ అన్నీ ఒకే తీరున నడుస్తాయి. ఇరవై నిమిషాలు ఇచ్చి ఉంటారు. అందులో ముప్పావు భాగం ఆయనే మాట్లాడతారు. "ఈ విషయంలో నేనూ చాలా సీరియస్‌గా ఉన్నాను" అంటారు, ఏదో సదస్సులో తాను చేసిన ప్రసంగం గుర్తు చేస్తారు. మనవాళ్లు తలూపుతూ ఉంటారు. లేచే సమయం అవుతుంది, ఫోటో దిగుతారు, అడగాల్సింది అడగకుండానే బయటికి వస్తారు. ఆ రోజు సాయంత్రం ఫోటోకి లైకులు మాత్రం బాగానే వస్తాయి.

నేను చేసే పద్ధతి వేరు. ఒకే పేజీ కాగితం. పైన ప్రభుత్వం ఇచ్చిన హామీ, తేదీతో సహా, వాళ్ల మాటల్లోనే. కింద ఇప్పటి అంకె. ఆ కింద ఒక్క కోరిక: "వచ్చే సమావేశాల్లో ఈ ప్రశ్న వేస్తారా?" లేదా "ఫలానా మంత్రికి ఈ ఉత్తరం మీ లెటర్‌హెడ్ మీద రాస్తారా?" అవును, కాదు అని తప్ప ఇంకోలా జవాబు చెప్పలేని కోరిక కావాలి. పేదరికం పట్ల నిబద్ధత చూపిస్తారా అని అడిగితే ఎవరైనా చూపిస్తామనే అంటారు, అక్కడితో కథ ముగుస్తుంది. కాగితం ప్రజాప్రతినిధికి ఒకటి, పక్కన కూర్చుని రాసుకునే సహాయకుడికి ఒకటి. సహాయకుణ్ణి చిన్నచూపు చూడొద్దు. తర్వాత మీ ఫోన్ ఎత్తేది, ఉత్తరం డ్రాఫ్ట్ చేసేది ఆ మనిషే. అదే రోజు ధన్యవాదాలతో పాటు "మీరు ఫలానాది చేస్తామన్నారు" అని రాసి పంపాలి. ఈ ఒక్క ఉత్తరం పంపనివాళ్లు ఎంతమందో! సగం హామీలు ఆ ఉత్తరం లేకనే గాలిలో కలిసిపోతాయి.

ఒకసారి ఒక ప్రజాప్రతినిధి మా కాగితంలోని ప్రశ్నను యథాతథంగా సభలో వేశారు. శాఖ నుంచి వచ్చిన జవాబు "ఈ అంశం ప్రభుత్వ పరిశీలనలో ఉంది." మా బృందంలో కొత్తవాళ్లు నీరుగారిపోయారు. నాకు మాత్రం అది పనికొచ్చే జవాబే. అప్పటిదాకా ఆ శాఖ నిధులు పూర్తిగా ఇచ్చేశామని చెప్పుకుంటూ వచ్చింది. పూర్తిగా ఇచ్చేసి ఉంటే పరిశీలించడానికి ఇంకేముంది? తర్వాతి ప్రశ్న అదే వేయించాం. అధికార భాషలో నీళ్లు నమిలిన ప్రతిచోటా ఒక ఒప్పుకోలు దాగి ఉంటుంది, దాన్ని పట్టుకోవడం అలవాటు చేసుకోవాలి.

ప్రకటన వెలువడిన రోజే జనం పలచబడతారు. ఆరంభ శూరత్వం మన ఒక్కరి జబ్బు కాదు, ప్రపంచమంతటా ఉన్నదే. 1998 మేలో బర్మింగ్‌హామ్‌లో జీ8 సమావేశం జరుగుతున్న ప్రాంతం చుట్టూ దాదాపు 70,000 మంది మానవహారం కట్టి పేద దేశాల అప్పులు రద్దు చేయమన్నారు. మరుసటి ఏడాది కొలోన్‌లో రద్దు పథకాన్ని విస్తరించారు. అందరికీ గుర్తున్న కథ అంతవరకే. ఆ పథకం కింద 37వ దేశంగా సోమాలియా ప్రక్రియ ముగించుకుని రద్దు పొందింది 2023 డిసెంబర్‌లో. ఇన్నేళ్లూ ఒక్కో దేశం షరతులు, ఒక్కో అప్పు పత్రం పట్టుకుని పనిచేసినవాళ్లు ఉన్నారు. వాళ్ల ముఖాలు పత్రికల్లో పెద్దగా కనిపించలేదు.

నిలదీయడం ధనిక దేశాల వైపు మాత్రమే అనుకుంటే అదీ సగం చూపే. డబ్బు అందుకున్న ప్రభుత్వం కూడా తన జనానికి లెక్క చెప్పాలి. ఉగాండాలో 1991-95 మధ్య కేంద్రం నుంచి బడులకు జీతాలు కాక విడుదలైన నిధుల్లో సగటున 13 శాతమే బడులకు చేరిందని ఒక సర్వేలో తేలింది. తర్వాత ఏ జిల్లాకు ఎంత విడుదల చేసిందీ పత్రికల్లో వేశారు, బడి గోడల మీద అంటించారు. కొన్నేళ్లలో చేరే వాటా 80 శాతం దాకా పెరిగింది. కేవలం పత్రికల్లో వేయడం వల్లే ఇంత మార్పు వచ్చిందా అని తర్వాత ఆర్థికవేత్తలు వాదించుకున్నారు. అదే సమయంలో ఇతర సంస్కరణలూ జరిగాయి మరి. అయినా తమకు రావాల్సింది ఎంతో తెలిసిన తల్లిదండ్రులను దబాయించి పంపడం కష్టమన్నది నేను చాలాచోట్ల చూసిన సంగతే.

కోర్టుల గురించి చాలామంది అడుగుతారు కాబట్టి క్లుప్తంగా. నెదర్లాండ్స్‌లో ఉర్గెండా అనే సంస్థ, దాదాపు 900 మంది పౌరులతో కలిసి వేసిన కేసులో 2019 డిసెంబర్‌లో అక్కడి సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. 2020 చివరికల్లా ఉద్గారాలు 1990తో పోలిస్తే కనీసం 25 శాతం తగ్గించి తీరాలని. స్విట్జర్లాండ్‌లో వయసు మళ్లిన మహిళల సంఘం 2024 ఏప్రిల్‌లో యూరప్ మానవ హక్కుల కోర్టులో వాతావరణ కేసు గెలిచింది. గొప్ప విజయాలే. కానీ కోర్టు దారికి ఏళ్లు పడుతుంది, ఖర్చవుతుంది, ఓడితే ఆ తీర్పు మిగతావాళ్లకూ అడ్డంకి అవుతుంది. మంచి వకీళ్లు లేకుండా, వాళ్ల వెనక ప్రజా మద్దతు లేకుండా దిగొద్దు.

నాకు బాగా నచ్చినది మాత్రం పసిఫిక్ ద్వీప దేశం వనువాటు కథ. 2019లో దక్షిణ పసిఫిక్ విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం చదివే 27 మంది విద్యార్థులు, వాతావరణ విషయంలో దేశాల బాధ్యత ఏమిటో అంతర్జాతీయ న్యాయస్థానం చేత చెప్పించాలని అనుకున్నారు. ఆ కోర్టుకు వ్యక్తులు వెళ్లలేరు. అందుకని ముందు వనువాటు ప్రభుత్వాన్ని ఒప్పించారు. ఆ ప్రభుత్వం మిగతా దేశాలను కూడగట్టింది. 2023 మార్చిలో ఐరాస సర్వసభ్య సభ ఏకాభిప్రాయంతో తీర్మానం చేసింది. 2025 జులై 23న కోర్టు అభిప్రాయం వెలువడింది: వాతావరణాన్ని కాపాడటం దేశాలకు చట్టపరమైన బాధ్యత, తప్పితే పరిణామాలు ఉంటాయి అని. అది సలహా మాత్రమే, దాంతో ఏ దేశం మెడా వంచలేరు. అయితే ఇకపై వచ్చే కేసుల్లో వకీళ్లు మొదట తెరిచే కాగితం అదే అవుతుంది. ఇందులో గమనించాల్సింది, ప్రభుత్వాలన్నీ ఒకే గాటన కట్టేవి కావు. కొన్నిసార్లు ఒక ప్రభుత్వాన్ని మీ వైపు తిప్పుకుని మిగతావాటిని కదిలించొచ్చు.

అయితే సంతకాలు వృథాయేనా? కాదు. కానీ సంతకాల కట్ట మంత్రి బల్ల మీద పెట్టి ఫోటో దిగితే వృథాయే. నియోజకవర్గం వారీగా విడదీసి, "మీ దగ్గర ఇంతమంది ఓటర్లు అడుగుతున్నారు" అని ఒక్కో ప్రతినిధికీ విడిగా చూపిస్తే ఆ పేర్లకే విలువ వస్తుంది. సంతకం పెట్టినవాళ్లలో పదిమందిలో ఒకరు ఫోన్ చేయడానికి ఒప్పుకున్నా మీకు బృందం తయారైనట్టే.

జాగ్రత్తలు రెండు చెప్పాలి. ఒకటి, మీరు ఎవరి గురించి మాట్లాడుతున్నారో వాళ్లు గదిలో ఉండాలి. పేదల తరఫున పేదలు కానివాళ్లు, ముంపు ప్రాంతాల తరఫున ఒడ్డున ఉన్నవాళ్లు మాట్లాడి తెచ్చిన పథకాలు ఎలా ఉంటాయో చాలా చూశాం. రెండు, ఇదంతా నోరు విప్పితే ప్రమాదం లేని చోట్ల పనిచేసే పద్ధతి. నిలదీస్తే కేసులు పెట్టే చోట పేరు బయటపెట్టాలా వద్దా అన్నది ఆ మనుషులే తేల్చుకోవాలి, బయటినుంచి ధైర్యం నూరిపోయడం తేలిక. అలాంటిచోట బయటి దేశాల పౌరులు అదే ప్రశ్నను తమ ప్రభుత్వం ద్వారా వేయించడం మేలు.

ఒంటరిగా చేయొచ్చా అన్నారు. ఉత్తరం వరకు ఒక్కరు చాలు, ఏడాది పొడవునా పట్టు వదలకుండా ఉండాలంటే నలుగురైదుగురు కావాలి. ఒకరు అంకెలు చూడాలి, ఒకరు ఉత్తరాలు, ఒకరు ఫోన్లు, ఇంకొకరు అడిగింది ఎప్పుడు, జవాబు వచ్చింది ఎప్పుడు అని రాసిపెట్టాలి. నన్నడిగితే అన్నిటికన్నా ముఖ్యమైన పని ఆ చివరిదే. ఎవరికీ ఇష్టం లేని పనీ అదే.

మీ మొదటి ఉత్తరానికి పెద్ద వ్యాసం అక్కర్లేదు. పారిస్ ఒప్పందం ప్రకారం ప్రతి దేశం ఐదేళ్లకోసారి తన వాతావరణ లక్ష్యాన్ని కొత్తగా సమర్పించాలి. మీ ప్రభుత్వం ఇచ్చిన తాజా పత్రం తెరవండి. అందులో ఒక్క అంకె తీసుకోండి. దానికి ఈ ఏడాది బడ్జెట్లో ఏ పద్దు కింద ఎంత కేటాయించారు, పోయిన ఏడాది ఎంత ఖర్చయింది, బాధ్యత ఏ శాఖది అని మూడు వాక్యాల్లో అడగండి. నెల రోజుల్లో జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం ఉన్నచోట అదే ప్రశ్న దాని కింద పెట్టండి. లేనిచోట మొదటి ఉత్తరం నకలు జతచేసి ప్రతిపక్ష సభ్యులకు, ఆ శాఖను పర్యవేక్షించే పార్లమెంటరీ కమిటీకి పంపండి. జవాబు రాలేదన్న మాట కూడా రికార్డులోకి ఎక్కాలి.